నేను లేని ఆ గంట



నా మెడ వెనుకనున్న గడ్డను సంగారెడ్డిలో ఆపరేషను చేసి తీసిన సంగతి మీలో అనేకులు ఎరుగుదురు. మీరు ఇండ్లలోను కూడికలలోను చేసిన ప్రార్థనలకు నా వందనములు. గడ్డను పరీక్షకు పంపగా అది ఉత్త కొవ్వు గడ్డ యని, భయపడవలసిన పని లేదని తేలినది. కుట్లు విప్పిరి. మరల బండిమీద గ్రామములు తిరుగుచున్నాను. అందునుబట్టి దేవునికి స్తోత్రము.

అయితే ఆ దినమున సుమారు ఒక గంట పది నిమిషములు నేను లేకపోతిని. నా శరీరము బల్లమీద నున్నది. నేను మాత్రము లేను. ఆ గంట నాకొక ప్రశ్నను తెచ్చినది. పన్నెండేండ్ల క్రిందట ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న అదే. అప్పుడు ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఇది వ్రాయుచున్నాను.

"చిన్న ఆపరేషనే" అని డాక్టరుగారు చెప్పిరి. కాని గడ్డ కండరముల లోనికి దిగినందున, ఆ చోట మాత్రము సూది వేసి తీయుట వీలుకాదనియు, పూర్తిగా మత్తు ఇయ్యవలెననియు అనిరి. ఆ మాట వినగానే నాకు భయము కలిగెను. నొప్పి యుండదని తెలియును గనుక అది నొప్పి భయము కాదు. తెలివి లేకుండ పోవుదునే యను భయము. పదునెనిమిది యేండ్లుగా ఎందరి మంచముల ప్రక్కనో నిలిచి, భయపడవద్దని చెప్పినవాడను. ఆ మాట చెప్పుట ఎంత సులభమో, విని నెమ్మది పొందుట ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసికొంటిని. మెలకువగా నుండి ప్రార్థించుటయే దైవసేవకుని ధర్మమని సెమినరీలో మాకు నేర్పిరి. రాత్రి ప్రార్థనలలో అందరు కునుకుచున్నను నేను కునుకనని నాలో కొంచెము అతిశయము కూడ నుండెను. నా విశ్వాసమంతయు నా మెలకువమీదనే కట్టుకొంటినని అప్పటికి గ్రహింపలేదు.

ముందు రాత్రి నుండి ఏమియు తినవద్దనిరి. కారణమేమని అడుగగా సిస్టరుగారు వివరముగా చెప్పిరి. మన గొంతులో ఒక కావలి కలదు. అన్నమును అన్నము దారిని, గాలిని గాలి దారిని పంపును. మత్తు ఇచ్చినప్పుడు ఆ కావలి కూడ నిద్రపోవును. అప్పుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయినయెడల ప్రాణమునకే అపాయము. కాబట్టి మీలో ఎవరైనను ఆపరేషనుకు పోవునప్పుడు, ఆకలికి ఆగలేక చాటుగా చాయ త్రాగి, త్రాగలేదని డాక్టరుతో అబద్ధమాడకుడి.

మత్తు డాక్టరు ఒక యౌవనస్త్రీ. ఆమె వచ్చి, ఏ మందులు వాడుచున్నారు, పండ్లు ఏవైనను కదులుచున్నవా, ఇంతకుముందు ఎప్పుడైనను మత్తు పుచ్చుకొంటిరా, బీడీ త్రాగుదురా, కల్లు త్రాగుదురా అని వరుసగా అడిగెను. పాస్టరునని చెప్పినను కల్లు సంగతి అడుగక విడువలేదు. అది నాకు సంతోషము కలిగించెను. మొగము చూచి పని చేయు మనిషి కాదని తెలిసికొని కాగితముమీద సంతకము చేసితిని.

థియేటరులో చల్లగా నుండెను. వ్రేలికి ఒక క్లిప్పు తగిలించిరి. నేను ఇరువదిమూడవ కీర్తనను మనస్సులో చెప్పుకొనుచు నిద్రలోనికి పోవలెనని ముందే నిశ్చయించుకొంటిని. అందులో ఆరు వచనములే. చీకటి లోయ సంగతి నాలుగవ వచనములో నున్నది. అక్కడికి చేరువరకైనను తెలివి యుండునని తలంచితిని. పాలవలె తెల్లని మందు చేతి నరములోనికి ఎక్కించిరి. రెండవ వచనములోని నీళ్లయొద్దకు చేరితినో లేదో నాకు తెలియదు.

"లేవండి అయ్యగారూ, అయిపోయింది" అను మాట వినబడెను. ఇంకను మొదలుపెట్టలేదని నేననుకొనుచుంటిని. రాత్రి నిద్రపోయి లేచినవానికి కొంత కాలము గడచినదని తోచును. నాకు ఆ మాత్రమైనను తోచలేదు. చింపిన పుస్తకములో ఒక పుట నుండి మరియొక పుటకు పోయినట్లుండెను, నడుమ పుట లేదు. కన్ను తెరువగానే నా నోట వచ్చిన మొదటి మాట దేవుని స్తోత్రమని మీరు తలంచుదురేమో. కాదు. "బండి తాళంచెవి ఎక్కడున్నది?" అని అడిగితినట. నా భార్య ఇప్పటికిని ఆ మాట చెప్పి నవ్వుచున్నది.

మరునాడు గొంతు నొప్పిగా నుండెను. మత్తు డాక్టరును అడుగగా, ఊపిరి కొరకు గొంతులోనికి గొట్టము వేసితిమనియు, కండరములు సడలుటకు మందిచ్చినందున నా రొమ్ము తనంతట తాను గాలి తీయలేదనియు, యంత్రము చేత ఊపిరి ఆడించితిమనియు, ఆ గంటంతయు తాను నా తలయొద్దనే యుంటిననియు చెప్పెను. ఆ ఆదివారము కీర్తన పాడలేకపోతిని. నేనెరుగక జరిగిన పనికి నా గొంతే సాక్షి.

ఆ రాత్రి మంచముమీద పండుకొని ఆ తల్లిని జ్ఞాపకము చేసికొంటిని.

ఆమె మన సంఘస్థురాలే. ఆమె కుమారుడు ఇరువదినాలుగేండ్ల వాడు, పటాన్‌చెరు వైపున ఒక కంపెనీలో కూలికి పోవుచుండెను. బాప్తిస్మము పొందినవాడు, ప్రభువు బల్లలో చేరినవాడు, మొదటి జీతములో దేవుని భాగము తెచ్చి నా చేతికిచ్చినవాడు. ఒక దినము ఎత్తుమీద నుండి పడి తలకు దెబ్బ తగిలెను. హైదరాబాదు ఆసుపత్రిలో పదునొకండు దినములు తెలివి లేక పడియుండి చనిపోయెను. మట్టి చేసిన మూడవ దినమున ఆ తల్లి నన్ను అడిగెను:

"అయ్యగారూ, నా కొడుకు ఆఖరికి దేవుని పేరు సుత తియ్యలే. ప్రార్థన చేసుకోలే. తెలివే లేకపాయె. పొద్దుగాల డబ్బ పట్టుకొని 'పోయొస్తనే అమ్మా' అన్నడు, గంతే. ఏడ బోయిండు నా కొడుకు?"

నేనేమి చెప్పితిని? "అమ్మా, అన్నియు దేవుని చిత్తము, ప్రార్థన చేయుము" అని చెప్పి, ప్రార్థించి, వచ్చితిని. ఆ మాట అబద్ధము కాదు. కాని ఆమె అడిగినదానికి జవాబును కాదు. నాకు జవాబు తెలియక మాట తప్పించితిని. ఆమె ప్రతి ఆదివారము వచ్చి స్త్రీల వైపున మూడవ వరుసలో కూర్చుండును. మరల ఎన్నడును అడుగలేదు. అడుగకపోవుటయే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు ఆమె ప్రశ్న నాకే వచ్చినది. నా విశ్వాసము నేను చేతితో పట్టుకొన్న వస్తువైతే, చెంచాడు తెల్ల మందుకే అది నా చేతిలో నుండి జారిపోయినది. కీర్తన జారిపోయినది, ప్రార్థన జారిపోయినది, నా పేరు సహితము జారిపోయినది. మరి ఆ గంట నేను ఎవని వాడను?

మత్తు పుచ్చుకొనుటయే తప్పు అని పూర్వము కొందరు క్రైస్తవులు తలంచిరి. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను పట్టణపు ఆసుపత్రిలో మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పించగా, శస్త్రవైద్యుడు రోగికి నొప్పి తెలియకుండ మెడమీది గడ్డను కోసెను. అంతకుముందు మనుష్యులు కాళ్లు చేతులు బిగబట్టి యుండగా కోయుచుండిరి. మరుసటి సంవత్సరము, 1847లో, ఎడింబరోలో జేమ్స్ సింప్సను అను వైద్యుడు ప్రసవవేదన పడు స్త్రీలకు క్లోరోఫారము ఇచ్చెను. ఆదికాండము 3వ అధ్యాయములోని వేదనను మనుష్యుడు తీసివేయరాదని కొందరు అడ్డుచెప్పగా, సింప్సను ఆ గ్రంథములోనే వెనుకటి అధ్యాయమును చూపెను. దేవుడు ఆదాము ప్రక్కటెముక తీయకముందు అతనికి గాఢనిద్ర కలుగజేసెను గదా యనెను.

ఆ వచనము నాకు చిన్నప్పటి నుండి తెలియును. కాని దానిని ఇప్పుడు చదువగా మరియొక సంగతి కనబడినది. ఆ నిద్ర పాపమునకు ముందటిది. కాబట్టి మన తెలివి ఆగిపోవుట అన్నివేళల శిక్ష కాదు, దేవునికి దూరమగుటయు కాదు. ఆదామునకు తోడు దొరికినది అతడు ఎరుగని వేళనే.

ఇంకను ముందుకు పోయి ఆదికాండము 15వ అధ్యాయము చదువుడి. దేవుడు అబ్రాముతో నిబంధన చేయుచున్నాడు. ఆ కాలపు ఆచారమును బట్టి పశువులను రెండుగా ఖండించి, ఒడంబడిక చేసికొనువారు ఆ ఖండముల నడుమ నడువవలెను. మాట తప్పినయెడల మాకును ఈ గతి పట్టునుగాక అని దాని భావము. అబ్రాము అన్నియు సిద్ధము చేసెను, గద్దలను తోలుచు కావలి కాసెను. తీరా ప్రొద్దు గ్రుంకు వేళకు అతనికి గాఢనిద్ర పట్టెను. అప్పుడు పొగ లేచు పొయ్యియు మండు దివిటీయు ఆ ఖండముల నడుమ దాటిపోయెను. అబ్రాము నడువలేదు. దేవుడు ఒక్కడే నడిచెను. నిబంధన నిద్రించుచున్నవాని శక్తిమీద నిలువలేదు, మెలకువగా నున్నవాని మాటమీద నిలిచెను. ఈ అధ్యాయముమీద నేను మూడు సారులు ప్రసంగించితిని. మూడు సారులును ఆ నిద్రను దాటిపోతిని.

ఈ మత్తు కథలో మన హైదరాబాదునకు కూడ భాగము కలదు. క్లోరోఫారము మేలైనదే గాని ఒక్కొక్కసారి ప్రాణము తీయుచుండెను. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు దానిని పీల్చి అక్కడికక్కడే చనిపోయెను. చిన్న ఆపరేషను గాని చిన్న ప్రాణము లేదు. ఇట్టి మరణములలో ముందు ఆగునది గుండెయా, ఊపిరియా అని వైద్యులలో పెద్ద వివాదము పుట్టెను. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడును అక్కడి వైద్యపాఠశాల పెద్దయునైన ఎడ్వర్డు లారీ, ఊపిరిని కనిపెట్టినచో చాలునని వాదించెను. నిజాము ప్రభుత్వపు ఖర్చుతో 1888లో ఒకసారియు, 1889లో మరియొకసారియు దీనిని పరీక్షించుటకు కమిషనులు కూర్చుండెను. రెండవ దానికి లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక వారు బ్రంటను అను పండితుని పంపిరి. అందుకు నిజాము వేయి పౌనులు ఇచ్చెను. వందలాది జంతువులమీద పరీక్షలు చేసిరి. మనము నొప్పి లేక నిద్రించుటకు ఆ నోరులేని జీవములు కూడ వెల చెల్లించెనని మరువకూడదు. ఆ కాలముననే రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ స్త్రీ హైదరాబాదులో చదివి, రోగులకు క్లోరోఫారము ఇచ్చుచుండెను. లోకములో ఈ పని చేసిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. నాకు మత్తిచ్చిన యౌవనస్త్రీ ఆమె వరుసలోనిదే.

ఊపిరిమీద నుండి కన్ను తీయరాదను మాట హైదరాబాదు నుండి గట్టిగా వినబడెను. ఆ మాట మంచిదే. కాని ఊపిరిని చూచినచో చాలుననుట పొరపాటు. 1911లో లీవీ అను వైద్యుడు, క్లోరోఫారము మత్తు తేలికగా నున్నప్పుడు గుండె హఠాత్తుగా ఆగవచ్చునని చూపెను. క్రమముగా వైద్యులు ఆ మందును విడిచిపెట్టిరి. నేడు ఊపిరిని, గుండెను, రక్తపు పోటును, రక్తములోని ప్రాణవాయువును అన్నిటిని ఏకకాలమున కనిపెట్టుచున్నారు. నా వ్రేలికి తగిలించిన ఆ చిన్న క్లిప్పు ప్రాణవాయువును చూచుటకే.

ఈ చరిత్ర చదివి నేను తెలిసికొన్నది ఇది. మత్తులో నున్నవాని క్షేమము మత్తులో నున్నవాని చేతిలో లేదు. అతడు ఎంత ధైర్యవంతుడైనను, ఎంత భక్తిపరుడైనను, తన ఊపిరిని తాను లెక్కింపలేడు. మెలకువగా నున్న మరియొకరు లెక్కింపవలెను. మనుష్యులైన కావలివారు నమ్మకస్థులైనను పొరపడుదురు. ఒకదానిని చూచి మరియొకదానిని విడుతురు. 121వ కీర్తన చెప్పు కావలివాడు కునుకడు, దేనిని విడువడు. అంతేకాదు, గెత్సేమనేలో శిష్యులు ముగ్గురును నిద్రపోయిరి, ఆయన ఒక్కడే మెలకువగా నుండెను. మార్కు 15:23 చూడుడి. సిలువ వేయకముందు బోళము కలిపిన ద్రాక్షారసము ఆయనకు ఇయ్యబోయిరి. నొప్పి తగ్గించుటకు ఇచ్చు మత్తు అని పెద్దలు చెప్పుదురు. ఆయన పుచ్చుకొనలేదు. మనము మత్తు పుచ్చుకొనకూడదని దాని భావము కాదు. తెలివి తప్పినవారందరి పక్షముగా ఆయన తెలివితో నుండెను. అందుచేతనే పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5:10లో, మన మెలకువయు నిద్రయు రెండును ఆయన మరణములో చేరినవే యనియు, ఏ స్థితిలోనైనను మన జీవము ఆయనతోడిదే యనియు బోధించుచున్నాడు.

ఇట్లు చెప్పినయెడల ఒకడు, "మనము మెలకువగా నుండనేల? ప్రార్థింపనేల? ఆయనే చూచుకొనును గదా" అనవచ్చును. అట్లు కాదు. అబ్రాము నిద్రపోక మునుపే, తెలివి గల వేళనే, దేవుని నమ్మెనని ఆ అధ్యాయములోనే యున్నది. నేనును సంతకము మెలకువతోనే చేసితిని. మత్తు ఎక్కిన తరువాత చేయలేను. రేపు ఆసుపత్రిలో ఒప్పుకొందునని నేడు తిరుగువాడు, ఆ రేపు తనకు తెలివి యుండునని ఎవని మాట నమ్మి తిరుగుచున్నాడు? మన బొంబాయి రోడ్డుమీద నడచువారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. చేతులకు అప్పగించుకొనవలసినది తెలివి యున్నప్పుడే. అప్పగించుకొన్న తరువాత మాత్రము, మన పట్టు సడలినను ఆయన పట్టు సడలదు.

మెడ కట్టు విప్పిన వారము నేను ఆ తల్లి యింటికి పోతిని. "అమ్మా, పన్నెండేండ్ల క్రిందట నీవు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు, నన్ను క్షమించుము" అని చెప్పితిని. నా గంట సంగతి చెప్పితిని. నీళ్ల వచనమునొద్దనే ఆగిపోతినని, లేచి తాళంచెవి అడిగితినని దాచక చెప్పితిని. "అమ్మా, దేవుడు తీర్పరి, ఆయన స్థానములో కూర్చుండి నేను మాటాడను. కాని నీ కుమారుడు తెలివి గల దినములలో ఎవని చేతికి తన్ను ఇచ్చుకొనెనో, ఆ చేయి ఆ పదునొకండు దినములు నిద్రపోలేదు. ఆఖరి మాట అతడు పలుకలేకపోవుట చేత అతడు జారిపోడు" అంటిని.

ఆమె చాల సేపు ఊరకుండెను. తరువాత, "నేను సుత ఆ పదకొండు దినాలు కన్ను మూయలే అయ్యగారూ. ఆనికి తెల్వకపాయె, నేనైతే ఆన్నే ఉన్న" అనెను. పిమ్మట లేచి చాయ పెట్టెను.

నా సెమినరీ చదువు చెప్పలేనిది ఆమె చెప్పినది. తెలివి లేని బిడ్డకు తల్లి యున్నది తెలియదు. ఐనను తల్లి యున్నది.

సహోదరులారా, ఇందులో మనము చేయవలసిన పని కూడ కలదు. మన ఇండ్లలో పక్షవాతముతో మాట పడిపోయిన పెద్దలు ఉన్నారు, మతి తప్పి మనలను గుర్తుపట్టని ముసలివారు ఉన్నారు, ఇంకను నోట మాట రాని శిశువులు ఉన్నారు. వారికి తెలియదు గదా యని వారియొద్ద కీర్తన పాడుట మానకుడి, వారి ముందర కఠినముగా మాటాడకుడి. వారు తెలిసికొనలేని వేళ వారి పక్షమున మెలకువగా నుండుటయే మన వంతు. ఫ్యాక్టరీలలో పెద్ద పనులలో నున్న మన పిల్లలకు కూడ ఒక మాట. మీరు ఎత్తుమీదికి ఎక్కించిన మనిషి, మీరు గొట్టములోనికి దింపిన మనిషి, తన ప్రాణము మీ కన్నులకు అప్పగించెను. అతని నడుమునకు బెల్టు ఉన్నదా లేదా చూడక సంతకము పెట్టకుడి. కన్ను తీయకుడి. ఆ మత్తు డాక్టరు ఆ గంటంతయు నా తలయొద్ద నుండి కదలలేదు.

ప్రార్థన: ప్రభువా, మాకు తెలివి యున్నప్పుడు మమ్మును నీ చేతికి అప్పగించుకొను బుద్ధి దయచేయుము. తెలివి లేనప్పుడు మమ్మును నీవే పట్టుకొనుము. తమ్మును తాము కాచుకొనలేని వారియొద్ద మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.